రోగానికి బాధ్యులెవరు?

వంశధారా నది సముద్రంలో కలిసే చోటు మా కళింగపట్నం. సాయంకాలం దీపస్తంభం పక్కగా ఇసుకలో నడుస్తూ సంగమం వరకు వెళ్ళి రావడం నాకు చిరకాలపు అలవాటు. 2012 వేసవిలో ఒకనాడు ఆ నడకలో నాతోపాటు మా అప్పగారి భర్త, అనగా మా బావగారు కూడా ఉన్నారు. ఆయనది కవిటి ప్రాంతంలోని ఒక పల్లె. కొబ్బరితోట, కొద్దిగా జీడితోట ఉన్న రైతు. దారి మధ్యలో ఆయన ఇసుకలో కూర్చుండిపోయి, “నేనేం తప్పు చేసినాను బావా? తాగలేదు, పొగ పీల్చలేదు, ఒకరి సొమ్ము ఆశించలేదు. ఈ రోగం నాకే ఎందుకు రావాలి?” అని అడిగినారు. అప్పటికి రెండు రోజుల ముందే ఆయన మూత్రపిండాలు చాలావరకు పాడైనవని రక్తపరీక్షలో తేలింది.

ముప్ఫై ఏళ్ళుగా ఆయుర్వేద గ్రంథాలు చదువుతూ, తెలిసిన మేరకు వైద్యం చెబుతున్న నాకు ఆనాడు సమాధానం తోచలేదు. ఆ ప్రశ్నకు నేను తరువాతి కాలంలో వెతుక్కున్న సమాధానమే ఈ వ్యాసం.

నింద వేయడం మన సహజ గుణం

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మందుకంటె ముందు మనం వెతికేది కారకుణ్ణి. మశూచి వస్తే అమ్మవారికి ఆగ్రహం కలిగిందన్నారు. ఆటలమ్మ పోస్తే నేటికీ వేపాకులు కట్టి మొక్కుకుంటాము. పసిపిల్ల పాలు తాగకపోతే దిష్టి అంటాము. మన ఉత్తరాంధ్ర పల్లెలలో, మన్యంలో ‘చిల్లంగి’ పెట్టినారనే అనుమానంతో అమాయకులైన వృద్ధులను, ఒంటరి స్త్రీలను కొట్టి హింసించిన సంఘటనలు, ప్రాణాలు తీసిన సంఘటనలు కూడా ఉన్నవి. రోగి బాధ ఒక ఇంటిదైతే, ఈ నింద వలన కలిగే బాధ మరొక ఇంటిది.

మా అప్పగారు కూడా ఇందుకు మినహాయింపు కాదు. తోట సరిహద్దు తగవులో మాటామాటా అనుకున్న పొరుగువారే ఏదో చేయించినారని ఆమె నమ్మినది. రెండు అమావాస్యలు ఒక మంత్రగాని వద్దకు తీసుకొని వెళ్ళినది. డబ్బు పోయినది, రెండు నెలల విలువైన కాలం కూడా పోయినది.

ఆయుర్వేదం ఇట్టి నమ్మకాలను సమర్థిస్తుందని పలువురు భావిస్తారు. భూతవిద్య ఆయుర్వేదానికి ఒక అంగమే. అయినా చరకసంహిత నిదానస్థానంలో ఉన్మాదాన్ని వివరించే అధ్యాయం చివర ఆచార్యుడు చెప్పిన మాట గమనింపదగినది. తాను చేసిన పొరపాటు వలన కలిగిన రోగానికి దేవతలనుగాని, పితృదేవతలనుగాని, రాక్షసులనుగాని నిందించడం వివేకవంతునికి తగదని, మన సుఖదుఃఖాలకు మన నడవడినే కర్తగా గుర్తించాలని అక్కడ భావము. ఉన్మాదాన్ని దయ్యం పట్టడంగానే లోకమంతా చూసిన కాలంలో ఈ మాట చెప్పగలగడం సామాన్య విషయం కాదు.

శాస్త్రం చెప్పిన మూడు కారణాలు

రోగాలన్నింటికీ చరకుడు మూడు మూలకారణాలు చెప్పినాడు.

మొదటిది అసాత్మ్యేంద్రియార్థ సంయోగం. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం తమకు సరిపడని విషయాలతో అతిగానో, తక్కువగానో, వికృతంగానో కలియడం. మండుటెండలో గంటల తరబడి పనిచేయడం దీనికి తేలికైన ఉదాహరణ.

రెండవది ప్రజ్ఞాపరాధం. తెలిసి కూడా చేయరానిది చేయడం, చేయవలసినది మానడం. బుద్ధి, ధైర్యం, జ్ఞాపకం తప్పినప్పుడు జరిగే పొరపాటు.

మూడవది పరిణామం, అనగా కాలం. ఋతువులు తప్పడం, వయస్సు మీరడం ఇందులోనివి.

వీటిలో ప్రజ్ఞాపరాధం అనే మాటను మనవారు మిక్కిలి దుర్వినియోగం చేసినారని నా అభిప్రాయం. ఎవరికి జబ్బు చేసినా “నీ తిండి సరిగా లేదు, నీ నిద్ర సరిగా లేదు, అనుభవించు” అని రోగిని దోషిగా నిలబెట్టడానికి అది ఆయుధమైనది. రోగం రోగి తప్పే అయితే సుశ్రుతుడు ఏడు విధాలైన వ్యాధులను ఎందుకు చెప్పవలె? తల్లిదండ్రుల బీజదోషం వలన వచ్చేవి, గర్భంలో ఉండగా కలిగేవి, దెబ్బల వలన వచ్చేవి, ఋతువుల వలన వచ్చేవి, ఆకలి దప్పిక ముసలితనంవలె స్వభావసిద్ధమైనవి కూడా ఆయన లెక్కలో ఉన్నవి. పుట్టుకతో గుండెకు రంధ్రమున్న పసికందు ఏ ప్రజ్ఞాపరాధం చేసినది?

బోదకాలు నేర్పిన పాఠం

మన సముద్రతీరానికి బాగా తెలిసిన వ్యాధి బోదకాలు. నా బాల్యంలో ప్రతి వీధిలోను ఒకరిద్దరు బోదకాలు ఉన్నవారు కనిపించేవారు. ఉప్పుగాలి వలన వస్తుందని కొందరు, బావినీటి వలన అని కొందరు, పూర్వజన్మ పాపమని కొందరు అనేవారు. ఆ ఇంటి ఆడపిల్లకు పెళ్ళి సంబంధం రావడం కష్టమయ్యేది.

ఈ వ్యాధిని శ్లీపదమనే పేరుతో వర్ణించిన సుశ్రుతుడు, పాతనీరు ఎక్కువగా నిలిచి ఉండే ప్రదేశాలలో, అన్ని ఋతువులలోను చల్లగా ఉండే చోట్ల ఇది విశేషంగా పుడుతుందని చెప్పినాడు. రోగి నడవడిని గాక, అతడుండే చోటును, అక్కడ నిలిచిన నీటిని చూపినాడు. 1877లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు చైనాలో ఉండగా ఈ వ్యాధి కలిగించే సూక్ష్మమైన పురుగులు రోగి రక్తం నుంచి దోమ కడుపులోనికి చేరడం గమనించినాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నాడు. చెడుగాలి అని అర్థం వచ్చే పేరున్న ఆ వ్యాధికి కారణం గాలి కాదని లోకానికి తెలిసినది.

కారణం తెలియడంతోనే నింద తొలగినది. మురికినీరు నిలవకుండా చూడడం, దోమతెరలు, ఏటా ఊరంతటికీ ఇచ్చే డి.ఇ.సి. మాత్రలు వచ్చినవి. బోదకాలు ఉన్నవాడు పాపి కాడని, మురుగుకాలువ తీయించని ఊరు కూడా అందులో భాగస్వామి అని అర్థమైనది.

ఊరంతటికీ ఒకే రోగం వస్తే?

ఇక బావగారి ప్రశ్నకు వద్దాము. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన పచ్చని సీమను ఉద్దానమంటారు. ఉద్యానవనం అనే మాటే ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కోనసీమను తలపించే ఈ ప్రాంతంలో కొన్ని దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ప్రబలింది. శాస్త్రీయంగా జరిగిన సర్వేలలో పెద్దవారిలో ఇంచుమించు ప్రతి అయిదారుగురిలో ఒకరికి ఈ వ్యాధి లక్షణాలు కనిపించినవి.

సాధారణంగా మూత్రపిండాలు చెడడానికి మధుమేహం, రక్తపోటు ముఖ్య కారణాలు. ఉద్దానంలో రోగులలో అధికభాగానికి మధుమేహం లేదు. రక్తపోటు కూడా చాలామందికి వ్యాధి ముదిరే వరకు పెరగదు. మూత్రంలో ఆల్బుమిన్ కూడా స్వల్పంగానే పోతుంది. పొలం పని చేసుకునే సామాన్యులే ఎక్కువగా దీనికి గురి అవుతున్నారు. శ్రీలంకలోని అనురాధపురం, పొలన్నరువ ప్రాంతాలలోను, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్‌సాల్వడార్ చెరకుతోటల కూలీలలోను ఇటువంటి వ్యాధే ఉన్నది. మూడు చోట్లా ఎండ, చెమటోడ్చే శ్రమ సమానంగా కనిపిస్తున్నవి.

నీటిలోని సిలికా, సీసం, కాడ్మియం వంటి లోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమించి నీరు తక్కువ త్రాగడం, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్య లక్షణాలు – ఇవన్నీ అనుమానితులే. దేశవిదేశాల పరిశోధకులు వచ్చి నీరు, మట్టి, రక్తం పరీక్షించినారు. ఒక్కటే దోషి అని వేలెత్తి చూపగల నిరూపణ మాత్రం నేటికీ లభించలేదు.

చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. గంగాతీరాన కాంపిల్య నగరంలో ఆత్రేయ మహర్షిని శిష్యుడైన అగ్నివేశుడు అడుగుతాడు – మనుష్యుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, బలం వేరు, వయస్సు వేరు; అయినా ఒకే కాలంలో ఒకే వ్యాధితో ఊళ్ళు ఎట్లా నశిస్తున్నవి? మహర్షి ఇచ్చిన సమాధానం – అందరికీ ఉమ్మడి అయినవి నాలుగున్నవి. అవి గాలి, నీరు, నేల, కాలం. ఇవి చెడినప్పుడు ఎవరి పథ్యం వారిని కాపాడదు. మరి ఇవి ఎందుకు చెడుతవి? అధర్మం వలన. అధర్మానికి మూలం ప్రజ్ఞాపరాధం. పాలించే వారు ధర్మం తప్పితే వారిని ఆశ్రయించినవారు, నగరవాసులు, పల్లెవాసులు, వర్తకులు ఆ అధర్మాన్ని మరింత పెంచుతారని కూడా ఆయన చెప్పినాడు.

ఈ అధ్యాయం చదివినప్పుడు నా కళ్ళు తెరుచుకున్నవి. ప్రజ్ఞాపరాధమంటే మంచంమీది రోగి తప్పు అని మాత్రమే అనుకుంటూ వచ్చాను. ఇక్కడ అది సమాజం చేసే తప్పు. నీటిని పరీక్షించకుండా త్రాగించడం, ఎండవేళ కూలికి నీడ, నీరు ఇవ్వకపోవడం, చీటీ లేకుండా నొప్పి మాత్రలు అమ్మడం, కొనడం – ఇవన్నీ ఉమ్మడి ప్రజ్ఞాపరాధాలే.

ఒక కలుపుమొక్క కథ

కారణం తెలియలేదని నిరాశపడనక్కరలేదు. ఐరోపాలో డాన్యూబ్ నది ఉపనదుల ఒడ్డున బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా మొదలైన దేశాల పల్లెలలో ఇటువంటి మూత్రపిండ వ్యాధిని 1950లలో వైద్యులు వర్ణించినారు. ఒకే ఇంట్లో పలువురికి వచ్చేది. నీటిని, బూజును, లోహాలను, వంశాన్ని అనుమానించినారు. 1960ల చివర ఒక వైద్యుడు గోధుమ చేలలో మొలిచే ఒక కలుపుమొక్క గింజలు పిండిలో కలుస్తున్నవని గమనించి అనుమానం వెలిబుచ్చినాడు. సుమారు నలభై ఏళ్ళ తరువాత, 2007లో, రోగుల మూత్రపిండాలలో ఆ మొక్క విషం వదలిన గుర్తులు కనుగొనడంతో అది రుజువైనది. ఆ విషం పేరు అరిస్టొలోకిక్ ఆమ్లం. శాపం కాదు, చేతబడి కాదు. రోజూ తినే రొట్టె!

ఈ కథలో మనకొక హెచ్చరిక ఉన్నది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మాత్రలు మింగిన అనేకమంది స్త్రీల మూత్రపిండాలు చెడిపోయినవి. ఒక మూలికకు బదులు ఇదే జాతికి చెందిన వేరొక మూలిక కలవడమే అందుకు కారణం. మన దేశంలో పాముకాటుకు, జ్వరాలకు పల్లెలలో వాడే ఈశ్వరి వేరు, నులిపురుగులకు, చర్మరోగాలకు వాడే గాడిదగడపాకు కూడా ఈ జాతి మొక్కలే. వాటిలోను అదే విషం ఉన్నది. ఇది కేన్సరు కారకమని కూడా అంతర్జాతీయ సంస్థలు నిర్ణయించినవి. కనుక ఈ రెండింటిని లోపలికి తీసుకోవద్దని పాఠకులకు గట్టిగా మనవి చేస్తున్నాను. ‘ఆకే కదా, ఏమి చేస్తుంది’ అనుకోవడం కూడా ప్రజ్ఞాపరాధమే.

నా వంతు బాధ్యత

ఇంతవరకు ఇతరుల తప్పులు చెప్పినాను. నా తప్పు చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

బావగారికి మొదట వచ్చినది నడుమునొప్పి, నిస్సత్తువ. వాతమని నిర్ణయించి నేనే దశమూల కషాయం, మర్దనకు తైలం ఇచ్చినాను. నాలుగు నెలలు గడిచినవి. ఆయన పొలంనుంచి వస్తూ కిళ్ళీకొట్లో నొప్పి మాత్రలు కొని రోజూ మింగుతున్నారని నాకు తెలియదు. నేను అడగలేదు కనుక తెలియలేదు. ఉద్దానం మనిషికి నడుమునొప్పి, నీరసం అంటే రక్తపరీక్ష చేయించాలని తోచలేదు. పాదాలు వాచిన తరువాత పరీక్ష చేయిస్తే, సాధారణంగా 1.2 లోపు ఉండవలసిన క్రియాటినిన్ 6 దాటి ఉన్నది.

ఇదంతా ఇసుకలో కూర్చున్న ఆయనకు చెప్పి, “తప్పు నాది కూడా బావగారూ” అన్నాను. ఆయన చాలాసేపు సముద్రం వంక చూసి, “నీది, నాది అని పంచుకుంటే జబ్బు తగ్గుతుందా బావా? మా అబ్బాయి సంగతి చూడు” అన్నారు. మూడున్నర సంవత్సరాలు రక్తశుద్ధి చేయించుకొని 2016లో కాలం చేసినారు. జీవితమంతా కొబ్బరిచెట్ల మధ్య గడిపిన మనిషి చివరి ఏళ్ళలో ఒక్క బొండం నీరు త్రాగలేకపోయినారు. మూత్రపిండాలు చెడినవారికి కొబ్బరినీటిలోని పొటాషియం గుండెకు ప్రమాదం కనుక వైద్యులు వద్దన్నారు.

ఆ మాటతోనే నాకు ఒక సంగతి బోధపడింది. ‘ఎవరు బాధ్యులు’ అనే ప్రశ్న శిక్ష వేయడానికి అడిగితే వ్యర్థం. తరువాతివారిని కాపాడటానికి అడిగితే అది చికిత్సలో మొదటి మెట్టు. నిదాన పరివర్జనమే, అనగా కారణాన్ని తొలగించడమే, చికిత్సకు సంక్షేపమని మన శాస్త్రం చెప్పిన సూత్రానికి భావమిదే.

ఇంటింటా పాటించవలసినవి

1. ఉద్దానం వారు, అక్కడి బంధువులున్నవారు, ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతివారు ఏడాదికొకసారి రక్తపోటు, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవలెను. మూత్రపరీక్ష ఒక్కటి చాలదు. మూత్రపిండాలు చాలావరకు చెడే వరకు పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చును.

2. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేకుండా వాడరాదు. చెమటపట్టి నీరసించి ఉన్నప్పుడు ఇవి మరింత ప్రమాదకరం. ఒళ్ళునొప్పులకు వేడినీటి కాపడం, నువ్వులనూనె మర్దన, విశ్రాంతి మేలు.

3. ఎండలో పనిచేసేవారు దాహం వేసే వరకు ఆగక గంటకొకసారి నీరు త్రాగవలెను. ఆరోగ్యవంతులకు పలుచని మజ్జిగ, బార్లీజావ మంచివి. పెద్ద ఎండవేళ పని ఆపి నీడపట్టున ఉండడం సోమరితనం కాదు.

4. ఎండుచేపలు, ఊరగాయలు, అప్పడాలు మన తీరవాసులకు ప్రియమైనవి. వీటిలోని ఉప్పు మూత్రపిండాలకు భారం. వాడకం తగ్గించండి.

5. గలిజేరు, పల్లేరు, కొండపిండి మూత్రం జారీ చేస్తవని ప్రసిద్ధి. వ్యాధి నిర్ధారణ అయినవారు మాత్రం వీటినిగాని, లోహభస్మాలు కలిసిన మందులనుగాని, కొబ్బరినీటినిగాని, పనసపండునుగాని మూత్రపిండ వైద్యుని అడగకుండా తీసుకోరాదు. ఆరోగ్యవంతునికి అమృతమైనది రోగికి విషం కావచ్చును.

6. ఇంట్లో ఎవరైనా ఏ మందు, ఏ ఆకు, ఏ పొడి వాడుతున్నా వైద్యునికి దాచకుండా చెప్పండి. వైద్యం చెప్పేవారు కూడా అడగడం తమ ధర్మంగా భావించవలెను.

వంశధార సాక్షిగా

ఉద్దానం కోసం కొన్ని పనులు జరిగినవి. సోంపేట, పలాస వంటి చోట్ల రక్తశుద్ధి కేంద్రాలు వచ్చినవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. అదే సమయంలో హిరమండలం జలాశయంనుంచి శుద్ధిచేసిన వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు గొట్టాల ద్వారా అందించే పథకం కూడా మొదలైనది. వ్యాధికి నీరే కారణమని తేలలేదు. అయినా తేలే వరకు ఆగకుండా అనుమానమున్న దానిని తొలగించడం వివేకం. వ్యాధి ముదరక ముందే, నేల సారం చెడక ముందే ఓషధులు సేకరించుకోండని ఆత్రేయుడు శిష్యులకు చెప్పినది ఈ ముందుచూపునే.

బావగారి అబ్బాయి ఇప్పుడు అదే తోట చూసుకుంటున్నాడు. ఊరు విడిచిపెట్టి పొమ్మని మా అప్పగారు కొన్నాళ్ళు పోరినది, అతడు వెళ్ళలేదు. ఏటా ఉగాది వెళ్ళగానే పరీక్ష చేయించుకొని, చీటీ పట్టుకొని కళింగపట్నం వస్తాడు. చీటీలోని అంకె చూసిన తరువాతనే మా ఇంట భోజనానికి కూర్చుంటాము. ఈ ఏడు 0.9 ఉన్నది. అప్పగారు మంత్రగాని ఊసు ఎత్తడం ఎప్పుడో మానినది. సరిహద్దు తగవుల పొరుగువారి కుర్రవానిని కూడా ఈమారు పరీక్షకు తనతో తీసుకొని వెళ్ళమని కొడుకుకు చెప్పినది ఆమెయే.